పండుగప్పయు అహింసావ్రతమును

పతంజలి యోగసూత్రములకు భాష్యము రచించిన వ్యాసుడు, అహింస యనునది మానవులచేత ఎంతెంత మేర పాటింపబడుచున్నదో విశదపఱుపబూనినప్పుడు, మొట్టమొదటి యుదాహరణముగా తపస్విని గాని యజ్ఞకర్తను గాని గ్రహింపక, చేపలు పట్టి జీవించువానిని గ్రహించెను. చేపలను తక్క మఱి యే ప్రాణిని హింసింపనని నియమము పూనిన జాలరి యహింస జాతిచేత పరిమితమైనది. పుణ్యతీర్థమున చంపననువాని యహింస దేశముచేతను, చతుర్దశినాడు చంపననువాని యహింస కాలముచేతను, దేవబ్రాహ్మణుల కొఱకు తప్ప చంపననువాని యహింస సమయముచేతను పరిమితములు. ఈ నాలుగు కట్టుబాట్లను దాటి, ఏ జాతియందును, ఏ చోటను, ఏ వేళను, ఏ నిమిత్తముచేతను సడలనిది మహావ్రతము. భాష్యకారుడు జాలరిని ఈసడింపలేదు. వాని వ్రతము వ్రతమే కాదని త్రోసివేయలేదు. అది యెంతవఱకు వచ్చి యాగినదో చూపి, అవ్వల ఇంకను త్రోవ గలదని మాత్రము తెలిపెను.

ఈ నాలుగు ఎల్లల విచారమును నేను చిరకాలముగా మననము చేయుచున్నాను. అందులకు కారణము మా నెల్లూరు సీమ సముద్రతీరము. భాష్యకారుడు ఎఱిగిన జాలరి ఆకలికొఱకో అమ్మకముకొఱకో చేపను పట్టెను, పట్టి చంపెను. ఇప్పుడు లోకమున మఱియొక విధమైనవాడు బయలుదేఱినాడు. వానికి చేపమాంసముతో పని లేదు, అంగడితో పని లేదు. గాలమునకు తగిలిన బలిష్ఠమైన చేప ప్రాణభయముతో సలుపు పెనుగులాటయే వానికి కావలసినది. అది ముగిసిన పిదప చేపను రెండు చేతులతో నెత్తి ఫొటో తీయించుకొని, మరల నీట విడిచి, తాను జాలరికంటె దయాళువునని తలంచును. ఇతని నడవడి జాలరి హింసకంటె లఘువా, గురువా? విడిచిపెట్టుట అహింసయగునా, లేక హింసకు పెట్టిన మెఱుగు మాత్రమా? ఈ ప్రశ్నకు సమాధానము శాస్త్రగ్రంథములయందు మాత్రమే వెదకినచో దొరకదు. ఆ చేప జీవితమును కూడ శ్రద్ధతో చదువవలెను.

ముత్తుకూరు నెల్లూరికి ఆగ్నేయముగా సముద్రమునకు చేరువనున్న యూరు. కృష్ణపట్నము ఈ మండలములోనిదే. కండలేరు ఉప్పుటేరుగా మాఱి అచ్చటనే కడలి కలియును. బకింగ్‌హాం కాలువ తీరము వెంబడి సాగును. ఏటి యొడ్డున అక్కడక్కడ మడచెట్లు, వాని వెనుక రొయ్యల చెఱువులు, 2008లో ప్రారంభమైన క్రొత్త రేవుయొక్క రాతికట్టలు, నేలటూరు తాపవిద్యుత్కేంద్రపు పొగగొట్టములు, ఇవన్నియు ఒకే చూపునకు అందుచుండును. 1991లో నెలకొన్న మత్స్యశాస్త్ర కళాశాల యీ యూరనే యున్నది. పట్టపువారు పడవలపై కడలిలో వలలు వేయుదురు. యానాదులు ఏటి మడుగులలో విసురువలలతోను వట్టిచేతులతోను చేపలను, పీతలను పట్టుదురు. ఈ తీరమున పగడపు దిబ్బలు లేవు; నేల యిసుక, బురద. అందుచేత ఇతర దేశములలో దిబ్బచేపలకు దక్కిన గౌరవము ఇచ్చట రాళ్ళను, మడవేళ్ళను, నీటమునిగిన దుంగలను ఆశ్రయించి పొంచియుండు రెండు చేపలకు దక్కినది. ఒకటి పండుగప్ప, రెండవది బొంత. 1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నమున సేకరించిన 200 చేపల చిత్రములను లండనున అచ్చువేయించినప్పుడు, ఈ రెండింటిని మన జాలరులు పిలుచు పేర్లతోనే నమోదు చేసెను.

పండుగప్ప అందమైన చేప. వెండివంటి పెద్ద పొలుసులు, నలుపు కలిసిన పచ్చని వీపు, కంటిమీద లోనికి వంగిన నుదురు, పైదానికంటె ముందునకు పొడుచుకొనివచ్చిన క్రింది దవడ దాని లక్షణములు. రాత్రివేళ దీపము వేసినచో దాని కన్ను ఎఱ్ఱగా మెఱయును. ఆ నోరు ఒక్క రెప్పపాటున తెఱచుకొన్నప్పుడు ఎదుటి నీరును, నీటితో రొయ్యయో చిన్నచేపయో దానిని కూడ లోనికి లాగుకొనును. దాని జీవితము ఉప్పునీటికిని మంచినీటికిని నడుమ సాగు యాత్ర. పౌర్ణమికి, అమావాస్యకు చేరువనున్న రాత్రులలో, నదీముఖమున, పోటు ఎక్కుచున్న వేళ తల్లిచేపలు గ్రుడ్లను నీటిలో విడుచును. మిల్లీమీటరు కొలతకు కూడ చాలని ఆ గ్రుడ్లను పోటు తనతో ఏటిలోనికి తీసికొనిపోవును. ఒక్క దినము గడవకుండగనే అవి పిల్లలగును. మడవేళ్ళ చాటున, ఉప్పుకయ్యలలో, వరదనీరు నిలిచిన పల్లములలో అవి పెరుగును. ఈడువచ్చిన పిదప మరల ఉప్పునీటికి దిగివచ్చును. దిగివచ్చునప్పుడు, మూడు నాలుగేండ్ల ప్రాయమున, అది మగచేప. ఇంకను కొన్ని యేండ్లు గడచి, ఆఱు మొదలు ఎనిమిదేండ్ల నడుమ, దేహము రమారమి 80 సెంటీమీటర్లనుండి మీటరువఱకు సాగిన తఱి, ఆ మగచేపయే ఆడుచేపయగును. తండ్రియై బ్రతికినదే తల్లియై బ్రతుకును. కడుపున లక్షలకొలది గ్రుడ్లు మోయునది అప్పుడు. మిక్కిలి పెద్దదైనచో ఆ సంఖ్య కోటిని మించును.

బొంతయందు ఈ క్రమము తలక్రిందులుగా నుండును. అది మొదట ఆడుది. బాగుగ పెరిగి పెద్దదైన పిమ్మట వానిలో కొన్ని మగవగును. పెక్కు బొంతజాతులు నియతమైన ఋతువున నియతమైన చోటికి గుంపులుగా వచ్చి గ్రుడ్లు పెట్టును. ఆ చోటు ఎఱిగిన వేటగాడు కొలది దినములలో ఏండ్ల సంతానమును తుడిచివేయగలడు. పెద్దవానిని ఏఱి ఏఱి పట్టినచో మగచేపలే కఱవై గుంపు గొడ్డువోవును.

ఈ విశేషమును చదివినవారిలో కొందఱు ఉత్సాహముతో అర్ధనారీశ్వరతత్త్వమును, ఇలాసుద్యుమ్నోపాఖ్యానమును స్మరించి, ఆత్మకు స్త్రీపుంభేదము లేదను ఉపనిషత్సిద్ధాంతమునకు ఈ చేప ప్రత్యక్షప్రమాణమందురు. నేను దానికి ఒప్పుకొనజాలను. ఉపనిషత్తు చెప్పినది దేహమునకు సాక్షియైన దానినిగూర్చి. చేప మాఱినది దేహమున. దేహము ఎన్ని విధముల మాఱినను ఆత్మకు లింగము లేదను మాట దానిచేత నిరూపితము కాదు, ఖండితమును కాదు. సృష్టియందలి ప్రతి వింతను మన సిద్ధాంతమునకు సాక్షిగా పిలుచుట భక్తివలె తోచును గాని, ఆ ప్రాణిని చూడకుండుటకు అదియొక మార్గము. చేపను చేపగానే చూచినచో అది నేర్పు ధర్మము వేఱు, మిక్కిలి గట్టిది: పండుగప్పయందు వయస్సు, పరిమాణము, లింగము విడదీయరానివి గనుక, "పెద్దది కావలె"నను కోరిక తెలిసియో తెలియకయో "తల్లి కావలె"నను కోరికయే యగుచున్నది. వినోదమునకై గాలము వేయువాని ఘనత యంతయు పెద్దచేపయందే గదా యున్నది!

వినోదమునకై చేపను పట్టుట పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య యని తలచుట పొరపాటు. కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు, సర్వజ్ఞచక్రవర్తి బిరుదాంకితుడు, 12వ శతాబ్ది పూర్వభాగమున రచించిన మానసోల్లాసమందు రాజులకు తగిన వినోదములను వర్ణించుచు, మత్స్యవినోదమునకు ప్రత్యేకముగ ఒక అధ్యాయము కేటాయించెను. చేపల జాతులెవ్వి, వానిలో కడలివెవ్వి, ఏటివెవ్వి, వేనికి పొలుసులు గలవు, వేనికి లేవు, దేనికి ఏ యెర ప్రియము, దారమెట్లు, కఱ్ఱయెట్లు, తగిలిన చేపను అలయించుటెట్లు, ఇవన్నియు అందు గలవు. భారత ప్రాణిశాస్త్ర సర్వేక్షణ సంస్థకు అధ్యక్షుడుగా నుండిన సుందర్‌లాల్ హోరా 1951లో ఆ అధ్యాయమును శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చెను. సోమేశ్వరుని తరువాత ఏడు శతాబ్దములకు మద్రాసు రాజధానిలో సివిలు ఉద్యోగియైన హెచ్.ఎస్. థామసు భారతదేశమున గాలపువేటను గూర్చి 1873లో గ్రంథము ప్రకటించెను. రాజునకు తగినది దొరకు తగినదయ్యెను; దొరకు తగినది నేడు ధనము, తీఱిక గల సామాన్యునికి తగినదయ్యెను. చెన్నపట్నము మొదలు విశాఖవఱకు ఈ తీరమున రీలు బిగించిన కఱ్ఱలతో వినోదార్థము వచ్చువారు కానవచ్చుచున్నారు.

ఆ వినోదమున ఆకర్షణ లేదని నేననను. ఆస్ట్రేలియాదేశమున బారమండి యని పేరుగొన్నది ఈ పండుగప్పయే. దానికై దేశదేశములనుండి జనులు వచ్చుచుందురు. మడవేళ్ళ చెంత కొయ్యచేపను విసరి ఈడ్చుచుండగా నీడలోనుండి ఒక్క దెబ్బకొట్టి, అది నీటిపైకి ఎగసి, మొప్పలు విప్పి తల విదిలించును. దాని మొప్పపై నున్న కత్తివాదరవంటి అంచుకు తగిలినచో గట్టి దారమైనను తెగును. ఆ క్షణమున వేటగాని మనస్సు అన్యచింత లేక నిలుచునని ఆ విద్య నెఱిగినవారందఱు చెప్పుదురు. ఏకాగ్రత మంచిదే, ఐనను దేనిని ఆలంబనముగా చేసికొని అది కలిగినదని విచారింపవలెను. ఒక ప్రాణియొక్క మరణభయము ఆలంబనమైన ఏకాగ్రత చిత్తమును ఏ వైపునకు తీర్చునో యోగశాస్త్రము నెఱిగినవారికి చెప్ప నక్కఱలేదు.

ఇచ్చట ఒక ఆక్షేపము వచ్చును. చేపకు నొప్పి యున్నదా? 2002లో జేమ్స్ రోజు అను అమెరికా శాస్త్రజ్ఞుడు, మనుష్యుని మెదడునందు బాధను ఎఱుకకు తెచ్చు పైపొర చేపకు లేదు గనుక, దాని కదలిక ప్రతిచర్యయే గాని బాధ కాదని వాదించెను. మఱుసటి యేట బ్రిటనున లిన్ స్నెడ్డనును ఆమె తోడి శాస్త్రజ్ఞులును ట్రౌట్ చేపల ముఖమున హానిని గుర్తించు నాడీతంతువులు గలవని చూపి, వాని పెదవులలోనికి ఆమ్లమును, తేనెటీగ విషమును ఎక్కింపగా అవి మేత మాని, ఊగులాడి, ఆమ్లము సోకినవి పెదవులను అడుగు రాళ్ళకు రాచుకొన్నవని ప్రకటించిరి. ఆ వివాదము ఇంకను సాగుచున్నది. మన దార్శనికులకు ఈ సందేహము ఈ రూపమున కలుగలేదు. గౌతముడు ఇచ్ఛను, ద్వేషమును, ప్రయత్నమును, సుఖదుఃఖములను, జ్ఞానమును ఆత్మకు లింగములుగా చెప్పెను. పరుని దుఃఖమును మనము ఎన్నడును ప్రత్యక్షముగ నెఱుగము, చేష్టనుబట్టియే యూహింతుము. ఎదుటి మనుష్యుని విషయమున చాలిన యనుమానము చేపవిషయమున మాత్రము చాలదనుటకు గట్టి హేతువు చూపవలసిన భారము అట్లనువానిదే. జైనులు ఇంద్రియములనుబట్టి జీవులను విభజించి, చేపను పంచేంద్రియజీవులలో చేర్చిరి. సంశయము మిగిలియున్నను, దానివలన లాభపడువాడు ఎవడో చూడవలెను. చేపకు నొప్పి లేదను పక్షమున పొరపాటు పడినచో దుఃఖించునది చేప. ఉన్నదను పక్షమున పొరపాటు పడినచో మనకు తప్పునది ఒక సాయంకాలపు వినోదము. సంశయఫలమును తనకు అనుకూలముగా తీర్చుకొను న్యాయాధిపతిని ఎవరును మెచ్చరు.

అట్లైనచో పట్టపువాని మాటయేమి? వానిగూర్చి మాటాడునప్పుడు ఎఱ్ఱన తెలిగించిన అరణ్యపర్వశేషమందలి ధర్మవ్యాధుని తలపకుండ నుండరాదు. మిథిలలో మాంసపుటంగడియందు కూర్చున్న ఆ మహాత్ముడు, తపోగర్వముతో వచ్చిన కౌశికునకు, దున్నువాని నాగలిక్రింద ఎన్ని ప్రాణులు నలుగుచున్నవో, నడచువాని పాదముక్రింద ఎన్ని చచ్చుచున్నవో చూపి, హింస లేని బ్రతుకు లోకమున లేదనియు, కులక్రమాగతమైన వృత్తిలో నుండియు దానిని తగ్గించుకొనుటకు యత్నించువాడు ధర్మపరుడే యనియు బోధించెను. ఈ భాగమును అందఱు చదువుదురు, అందఱు ఉదాహరింతురు. ఆ కథలోనే మఱియొక భాగము గలదు. దానిని చాలమంది దాటిపోవుదురు. ఆ వ్యాధుడు పూర్వజన్మమున బ్రాహ్మణుడు; రాజుతోడి చెలిమిచేత విలువిద్య నేర్చి, అతనితో వేటకు పోయి, విడిచిన బాణము మృగమునకు గాక ఒక ఋషికి తగులగా, ఆ ఋషి శాపముచేత వ్యాధుడై పుట్టెను. అతని పతనము వినోదపు వేటవలన. అతని యుద్ధరణము జీవికావృత్తినందుండియే. అక్కఱలేని చోట ఎత్తిన విల్లు అతనిని క్రిందికి దింపెను. అక్కఱచేత పూనిన వృత్తిని నియమముతో నడపుకొనుట పైకి తెచ్చెను. మాంసవిక్రేతను ఆచార్యపీఠమున కూర్చుండబెట్టిన కవియే వేటవేడుకను అతని పతనకారణముగా నిలుపుట యాదృచ్ఛికమని నేను నమ్మను.

ఎల్లల మాటకు వత్తము. భాష్యకారుడు చెప్పిన నాలుగు ఎల్లలలో మూడు నేడు చట్టముల రూపమున మన తీరమున నిలిచియున్నవి. అశోకుడు పట్టాభిషిక్తుడై 26 ఏండ్లు నిండిన పిమ్మట చెక్కించిన అయిదవ స్తంభశాసనమున, చాతుర్మాస్యపు పున్నములయందును, తిష్యనక్షత్రపు పున్నమయందును, ఉపవసథదినములయందును చేపలను చంపరాదు, అమ్మరాదు అని విధించెను. అది కాలముచేత పరిమితమైన యహింస. నేడు తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపు పడవలు కడలిలో వేటాడరాదు, అదియు అట్టిదే. పెనుబొంత, రెండున్నర మీటర్లకు పైగా పెరుగు బొంతలరాజు, 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలునకు ఎక్కెను. అది జాతిచేత పరిమితమైన యహింస. సంరక్షిత జలములు దేశముచేత పరిమితమైనవి. ధర్మశాస్త్రమును ఎఱుగని ఉద్యోగులు తమ కార్యాలయములలో కూర్చుండి వ్యాసభాష్యమునే మరల వ్రాసినట్లున్నది.

భారతమున దీనికి ఇంకను సూక్ష్మమైన నిదర్శనము గలదు. పాండురాజు క్రీడించుచున్న మృగమిథునమును కొట్టినప్పుడు, మృగరూపమున నుండిన కిందముడను ఋషి, రాజు మృగమును చంపినందుకు కాదు తాను నిందించుట యనియు, మైథునకాలమున చంపినందుకనియు చెప్పి శపించెను. వేటను ఒప్పుకొనియే వేళను తప్పుపట్టెను. సంతానమునకై కూడినదానిని కొట్టుట ఒక్క ప్రాణిని కొట్టుట కాదని ఆ ఋషి యెఱుగును. పండుగప్పను పౌర్ణమినాటి రాత్రి నదీముఖమున పట్టువాడు సరిగా పాండురాజుస్థానమున నిలుచున్నాడు. పున్నమినాడు చేపను ముట్టరాదన్న అశోకుని విధికి కారణము ఉపవసథమే యైనను, ఆ విధి ఈ చేపకు ఎంతగా ఒప్పినదో చూచిన ఆశ్చర్యమగును. ఐతే భాష్యకారుని నాలుగు ఎల్లలలోను లేని యెల్ల యొకటి ఈ చేప మనకు చూపుచున్నది, అది ప్రాయము. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండున పండుగప్ప 58 సెంటీమీటర్లకు తక్కువయైనను పట్టుకొనరాదు, 120 సెంటీమీటర్లకు మించినను పట్టుకొనరాదు. క్రింది హద్దు పసిదానిని కాపాడును. పై హద్దు తల్లిని కాపాడును. లోకమున చేపలచట్టములు పెక్కింటికి క్రింది హద్దే తెలియును. పై హద్దు పెట్టుటకు ఆ చేప మగదై పుట్టి ఆడుదై ముసలిదగునని తెలిసియుండవలెను. జ్ఞానములేని దయ క్రింది హద్దు దగ్గఱనే యాగిపోవును.

దయకు జ్ఞానము తోడుకానిచో ఏమగునో సౌభరి మహర్షి కథయు చెప్పుచున్నది. యమునామడుగున గరుత్మంతుడు మత్స్యరాజును భక్షింపగా, మిగిలిన చేపల దుఃఖము చూచి సౌభరి కరగి, గరుడుడు మరల అచ్చటికి వచ్చినచో ప్రాణములు కోల్పోవునని శపించెను. ఆ శాపమే కాళీయునకు కోటయయ్యెను. గరుడుడు రాలేని మడుగని తెలిసి ఆ సర్పము అందు చేరి నీటినంతను విషము చేసెను. ఋషి కరుణ నిజమైనదే. అది తాను చూచిన చేపలను మాత్రమే చూచెను, మడుగును చూడలేదు.

గాలమునుండి తప్పించి విడిచిపెట్టువాని దయయు ఇట్టిదే. వాని కన్నుల ఎదుట చేప తోక ఆడించి నీటిలోనికి పోవును; అంతటితో కథ ముగిసినదని యతడు తలచును. లోతు తక్కువయైన చోట పట్టిన పండుగప్ప, ముల్లు లేని గాలముతో పట్టి, తడిచేతులతో తాకి, గాలిలో ఎక్కువసేపు నిలుపక విడిచినచో చాలవఱకు బ్రతుకును. అది నిజము, దానిని నేను కాదనను. లోతునుండి పైకి లాగిన బొంత సంగతి యట్లు కాదు. దాని లోపలి గాలితిత్తి నీటి యొత్తిడి తగ్గగానే ఉబ్బి, కడుపును నోటిలోనికి త్రోసి, కన్నులను వెలికి ఉబికించును. విడిచినను అది క్రిందికి దిగలేక వెల్లకిల తేలును. దానిని లోతునకు దింపి విడుచు పనిముట్లు కొన్ని దేశములలో వాడుకకు వచ్చినవి, మంచిదే. ఐనను గాయపఱచుటకు పోయి, గాయమునకు మందు కూడ వెంటగొనిపోవుట దయయా, లేక దయయొక్క భాషలో మాటాడు కోరికయా?

జర్మనీయుల చట్టము ఈ విషయమున మనలను విస్మయపఱచును. 1972నాటి వారి జంతురక్షణ శాసనము, తగిన కారణము లేక ప్రాణికి బాధ కలిగింపరాదన్నది. తినుట తగిన కారణము, ఆడుకొనుట కాదని అందుచేత తేలినది. విడిచిపెట్టు నుద్దేశముతోనే పట్టుట అచ్చట తప్పు. స్విట్జర్లాండును 2009 మొదలుకొని ఇట్టి నియమమునే పాటించుచున్నది. పట్టితివా, చంపి తినుము; తిననిచో పట్టకుము! మొదట వినినప్పుడు ఇది క్రూరముగ తోచును. విచారించినకొలది ధర్మవ్యాధుని అంగడికి చేరువగ తోచును. ఆకలి ఒక హద్దు. వినోదమునకు సహజమైన హద్దు లేదు. కడుపు నిండినది చాలుననును, ముచ్చట తీఱినది మఱియొకటి యనును.

నా వాదమునకు ఎదురుగా నిలుచు గట్టి మాట ఒకటి గలదు. దానిని దాచుట న్యాయము కాదు. కావేరీనదిలో మహాశీర్ చేప డైనమైటు వేటకు బలియగుచున్న కాలమున దానిని కాపాడినవారిలో గాలపు వినోదులు ముఖ్యులు. 1972లో బెంగుళూరున నెలకొన్న దక్షిణభారత వన్యప్రాణి సంఘమువారు నదీభాగములను గుత్తకు తీసికొని, కాపలావారిని పెట్టి, పట్టిన చేపను విడువవలెనను నియమము పెట్టి ఆ చేపను నిలిపిరి. ఒక్క దినమున ఒక్క ట్రాలరు వల ఈడ్చివేయు ప్రాణులముందు, కఱ్ఱపట్టిన వాని యొక చేప లెక్కకు రాదు అందురు. లెక్క నిజమే. ప్రభుత్వమునకు లెక్క ముఖ్యము. వలల కన్నులను, పడవల యంత్రములను అదుపులో పెట్టక గాలమును నిందించుట చీమను తఱిమి ఏనుగును విడుచుటయే. ఐనను కావేరీతీరమున పుణ్యమునకు కారణము కాపలా, గాలము కాదు. గాలము లేకుండ కాపలా ఉండరాదా యని యడిగినచో, ముచ్చట లేనిదే మనుష్యుడు నదిని కాపాడడని సమాధానము వచ్చును. అది మనుష్యుని బలహీనతను గూర్చిన సత్యము. ధర్మమును గూర్చిన సత్యము కాదు. బలహీనతను సోపానముగా వాడుకొనవచ్చును. దానిపై ఇల్లు కట్టుకొనరాదు.

కనుక నేను చేరిన నిర్ణయము ఇది. పరిమితమైన యహింస అక్కఱ గలవానికై కల్పింపబడినది. జాలరి వ్రతము చేపలవద్ద ఆగినది. ఏలయన చేపలు లేక వాని బిడ్డలకు కూడు లేదు. చేపలవద్ద ఆగుటకు ఏ యక్కఱయు లేనివాడు జాలరి యెల్లను తనకు అరువు తెచ్చుకొనజాలడు; వానికి వర్తించునది మహావ్రతమే. ఇది కఠినమనిపించును, ఐతే సుఖముగ నున్నవానికి ధర్మము తేలికగాను, కష్టపడువానికి బరువుగాను ఉండవలెనని ఏ శాస్త్రమును చెప్పలేదు.

అక్కఱయు స్థిరమైనది కాదు. చెన్నపట్నమునందలి కేంద్రీయ ఉప్పునీటి మత్స్యసంస్థవారు 1997లో పండుగప్పను హేచరీలో గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచుట సాధించిరి. నేడు చెఱువులలో పెరిగిన పండుగప్ప నెల్లూరి అంగడికిని, చెన్నపట్నపు హోటళ్ళకును పోవుచున్నది. ఆ హేచరీలలో పిల్లచేపలు ఒకదానినొకటి మ్రింగకుండ తఱచుగ పరిమాణమునుబట్టి వేఱుచేయుచుండవలెను. పండుగప్ప తన జాతిని తానే తినును. ప్రకృతియందే హింస యున్నదిగదా యని దీనినిబట్టి వాదించువారు, చేపకు వ్రతము పట్టగల బుద్ధి లేదని, మనకు గలదని మఱచుచున్నారు. చెఱువుపెంపకమున వేఱు దోషములు గలవు. రొయ్యల చెఱువులు కండలేటి యొడ్డులను ఏమి చేసినవో ఈ సీమవారికి తెలియును. ఐనను, పెంచిన చేప దొరకినకొలది ఏటి చేపమీది యక్కఱ తగ్గును. అక్కఱ తగ్గినకొలది ఎల్ల ముందునకు జరుగవలెను.

జాలరి విషయమున అది జరిగినది. తూర్పుతీరపు వేటనిషేధము 47 దినములుగా నుండి 2015లో 61 దినములయ్యెను. ఆ దినములలో పట్టపువాని పడవ ఒడ్డున బోర్లించియుండును. ప్రభుత్వ భృతి వచ్చినను, రాకున్నను, ఆ రెండు నెలలు వాని యింట పొయ్యి వెలుగుట కష్టము. వాని వ్రతమునకు మూల్యము వాని యన్నమే. ఆ నిషేధము పడవలకు విధింపబడినది. ఒడ్డున కఱ్ఱపట్టి నిలిచినవానిని అది తాకదు. అదే ఏప్రిలున, మేన, పోటు ఎక్కు రాత్రి, కృష్ణపట్నపు రాతికట్టమీద నిలిచి, మీటరు పొడవైన తల్లిచేపకై గాలము విసరుటకు వినోదికి నేడు అడ్డు లేదు; మానుకొన్నచో అతనికి పోవునది ఒక్క పూట భోజనము కూడ కాదు. ఆ రాత్రులను, ఆ పొడవును అతడు తనంతట తానే వ్రతముగ గైకొనవలసియున్నది.